కోకో మాట్లాడిందా, పెన్నీ నమ్మిందా?

గోదారి గట్టు:
తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. కోకో 1971 జులై 4న శాన్‌ఫ్రాన్సిస్కో జూలో పుట్టిన ఆడ గొరిల్లా. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తున్న పెన్నీ ప్యాటర్సన్ దానికి అమెరికన్ సంజ్ఞా భాష సైగలు నేర్పడం మొదలుపెట్టారు. పీహెచ్‌డీ అయిపోయింది కానీ గొరిల్లాని వదల్లేదు. 2018 జూన్‌లో కోకో నిద్రలోనే చనిపోయేదాకా ఆవిడ జీవితమంతా దానితోనే గడిచింది. కోకోకి వెయ్యికి పైగా సైగలు వచ్చని ఆవిడ చెబుతారు.

గొరిల్లాలు చనిపోతే ఎక్కడికి వెళ్తాయని ఒకసారి సహాయకురాలు కోకోని అడిగింది. అది మూడు సైగలు చేసిందట: హాయి, గుంత, టాటా. ఇది చదివి మా ఇంట్లో ఒకరు "దానికి ఆత్మ ఉందనడానికి ఇంకేం కావాలి" అన్నారు. ఇంకొకరు నవ్వేశారు. నా ప్రశ్న ఇదీ: అక్కడ మాట్లాడింది గొరిల్లానా, ఆవిడ నమ్మకమా?

వాదప్రియ:
నమ్మకమే, అనుమానం అక్కర్లేదు. మా ఊరి గుళ్ళో దేవుణ్ణి పువ్వు అడుగుతారు. కుడివైపు రాలితే సరేనన్నట్టు. ఎడమవైపు రాలితే "స్వామి పరీక్ష పెడుతున్నాడు" అంటారు. ఏ వైపు రాలినా దేవుడు మాట్లాడినట్టే. కోకో సంగతీ అంతే. 1998లో ఇంటర్నెట్‌లో జనం కోకోతో చాట్ చేశారు. మధ్యలో కోకో చనుమొన సైగ చేసింది. నిపుల్ అనే ఆ ఇంగ్లిష్ మాట పీపుల్, అంటే "జనం" అనే మాటతో ప్రాస కుదురుతుంది కాబట్టి కోకో జనం గురించే అంటోందని పెన్నీ వివరించారు. తప్పు సైగ చేస్తే జోకు, అసలు చేయకపోతే అలక. ఇక అది ఓడిపోయేదెప్పుడు?

కొలంబియా యూనివర్సిటీ హెర్బర్ట్ టెరేస్ కూడా మొదట నమ్మినవాడే. భాష మనుషులకే సొంతమన్న భాషావేత్త నోమ్ చోమ్‌స్కీ పేరుని ఆటపట్టిస్తూ తన చింపాంజీకి నిమ్ చింప్‌స్కీ అని పేరు పెట్టాడు. అది వాక్యాలు కడుతోందనుకున్నాడు. తర్వాత వీడియోలు నెమ్మదిగా తిప్పి చూస్తే, నిమ్ చేసే సైగల్లో చాలావరకు టీచరు అంతకు క్షణం ముందు చేసినవే. 1979లో సైన్స్ పత్రికలో ఆ మాట రాసేశాడు. నిమ్ చేసిన అతి పొడవైన "వాక్యం" చూడండి: ఇవ్వు నారింజ నేను ఇవ్వు తిను నారింజ నేను తిను నారింజ ఇవ్వు నేను తిను నారింజ ఇవ్వు నేను నువ్వు. పదహారు సైగలు, విషయం ఒక్కటే.

పుల్లట్టు:
నవవ్యాకరణాలూ చదివిన హనుమంతుడు ఇది చూస్తే తల పట్టుకునేవాడు 😀

కనకాంబరం:
వాదప్రియ గారూ, తూకం వేసేది వాక్యాలనేనా? వాషో అనే చింపాంజీ కథ వినండి. సంజ్ఞా భాష సైగలు నేర్చిన మొదటి చింపాంజీ అదే. 1966లో నెవాడాలో గార్డ్‌నర్ అనే పరిశోధక దంపతులు మొదలుపెట్టారు, తర్వాత వాళ్ళ శిష్యుడు రోజర్ ఫౌట్స్ దగ్గర పెరిగింది. దాన్ని చూసుకునే ఒకావిడ గర్భవతి. వాషో ఎప్పుడూ ఆవిడ కడుపు వైపు చూపించి పాపాయి గురించి అడిగేది. కొన్నాళ్ళు ఆవిడ రాలేదు. తిరిగొచ్చినప్పుడు వాషో మొహం తిప్పుకుంది. "నా బిడ్డ చనిపోయింది" అని ఆవిడ సైగ చేసింది. అప్పుడు వాషో ఆవిడ మొహంలోకి చూసి, తన వేలిని కంటి కింద నుంచి చెంప మీదుగా మెల్లగా కిందికి దించింది. ఏడుపు అని దాని అర్థం. వాషో అప్పటికే రెండు సార్లు బిడ్డల్ని పోగొట్టుకుంది. బాధ కలిగితే చింపాంజీలకి మనలా కన్నీళ్ళు కారవు. మన మనుషుల గుర్తుని మన మనిషి కోసం వాడింది. దీన్ని కూడా పువ్వు రాలడం అంటారా?

వాదప్రియ:
కథ బాగుంది, నాకూ గొంతు పట్టేసింది. కానీ రాసింది ఎవరు? ఫౌట్సే కదా.

సైగల టీచర్:
నేను బధిర పిల్లలకి పాఠాలు చెప్తాను, ఇందులో నాకు కాస్త పని ఉంది. చెయ్యి ఆకారం, అది ఉన్న చోటు, కదిలే తీరు, అరచెయ్యి ఎటు తిరిగింది, మొహంలో కవళిక, ఇన్ని కలిస్తే ఒక సైగ. ఇందులో ఏ ఒక్కటి మారినా అర్థం మారిపోవచ్చు. కోకో వీడియోల్లో నాకు కనిపించేది సగం సగం సైగలు. గొరిల్లా చెయ్యి అది, బొటనవేలు పొట్టి, మన ఆకారాలు అన్నీ కుదరవు, ఒప్పుకుంటాను. అయితే అక్కడ ఖాళీ ఉన్న ప్రతిచోటా పెన్నీ గొంతు వచ్చి నింపుతుంది. సౌండ్ తీసేసి చూడండి, ఎంత మిగులుతుందో తెలుస్తుంది. వాషో ప్రాజెక్టులో పనిచేసిన ఒక బధిర వ్యక్తి తర్వాత ఇదే వాపోయారు: చింపాంజీ చేసిన సైగలు రాసుకునే పుస్తకాలుండేవి, వినికిడి ఉన్నవాళ్ళవి నిండిపోయేవి, నా పుస్తకంలో మాత్రం తక్కువే, నాకు అవి ఒట్టి చేతుల కదలికలే అని. పుట్టినప్పటి నుంచీ ఆ భాషలో బతికిన మనిషి మాట అది. దాన్ని పట్టించుకోకుండా గొరిల్లా మనసుని చదివామంటే నాకు కాస్త ఒళ్ళు మండుతుంది.

అయినా కనకాంబరం గారు చెప్పిన ఏడుపు సైగని నేను కొట్టిపారేయను. దానికి వ్యాకరణం అక్కర్లేదు. ఒక్క సైగ, సరైన మనిషి ముందు, సరైన సమయంలో. మా బడిలో మూడేళ్ళ పిల్లలు అలాగే మొదలుపెడతారు. చాలా చింపాంజీలు అక్కడే ఆగిపోయాయి.

గోదారి గట్టు:
టీచర్ గారూ, ఫౌట్స్‌ని పెన్నీతో ఒకే గాట కట్టడం అన్యాయం. 1979లో వాషో బిడ్డ సెకోయా చనిపోయాక, లూలిస్ అనే పది నెలల పిల్లని తెచ్చి దాని ఒళ్ళో పెట్టారు. అప్పుడు ఫౌట్స్ ఒక నియమం పెట్టాడు: లూలిస్ కళ్ళెదుట మనుషులెవరూ ఏడు సైగలు తప్ప ఇంకేవీ చేయకూడదు. ఎవరు, ఏమిటి, ఎక్కడ లాంటివి. ఏళ్ళ తరబడి అలాగే నడిపాడు. లూలిస్ వాషోని, మిగతా చింపాంజీలని చూసి యాభై దాకా సైగలు నేర్చింది. నమ్మినవాడు తన నమ్మకం ఓడిపోయే అవకాశం తనే ఇచ్చాడు. పెన్నీ దగ్గర నాకు అలాంటిది కనిపించదు. ఆవిడే టీచరు, ఆవిడే అమ్మ, ఆవిడే దుబాసీ.

వాదప్రియ:
లూలిస్ విషయం ఒప్పుకుంటాను. సైగ ఒకరి నుంచి ఒకరికి పాకింది, అంతవరకు నిజం.

కోకో విషయంలో మాత్రం 2015 చూడండి. పారిస్ వాతావరణ సమావేశం సందర్భంగా ఒక వీడియో వచ్చింది. "మనిషి తెలివితక్కువవాడు, భూమిని బాగుచేయండి, త్వరగా, ప్రకృతి మిమ్మల్ని చూస్తోంది" అని కోకో చెప్పినట్టు. ముందే స్క్రిప్టు ఇచ్చామని, కొంత అది సొంతంగా చేసిందని పెన్నీ నడిపే గొరిల్లా ఫౌండేషన్ వాళ్ళే అన్నారు. జనం అది చదవకుండా కళ్ళొత్తుకున్నారు. ఇది పరిశోధన కాదండీ, పూనకం వచ్చినవాళ్ళ చేత సోది చెప్పించడం.

కనకాంబరం:
సరే, నమ్మనివాళ్ళ లెక్క కూడా తీద్దాం. టెరేస్ ప్రాజెక్టు 1977లో ముగించి నిమ్‌ని ఓక్లహోమాకి తిప్పి పంపేశాడు. మనుషుల ఇంట్లో బట్టలు తొడుక్కుని పెరిగిన జీవం బోనులో పడింది. 1982లో మందుల ప్రయోగాల ల్యాబ్‌కి అమ్మేశారు. గొడవ జరిగితే బయటపడి టెక్సస్‌లో ఒక రాంచ్ చేరింది, 2000లో పోయింది. పెన్నీ తప్పే అనుకుందాం, కోకోని ఆవిడ ఏ ల్యాబ్‌కీ పంపలేదు.

వాదప్రియ:
బోనుకీ వ్యాకరణానికీ లంకె పెట్టకండి. ఓక్లహోమాలో నిమ్‌ని బయటికి తీసుకెళ్ళి, చెట్ల మధ్య తిప్పి, దాని కోసం చివరిదాకా కొట్లాడింది బాబ్ ఇంగర్‌సాల్ అనే విద్యార్థి. వాక్యాలు వచ్చా రావా అనేది అతనికి పట్టలేదు. ప్రేమించడానికి నమ్మకం అక్కర్లేదు. పెన్నీ ప్రేమకే అది కావాల్సి వచ్చింది, అదే నా బాధ.

తిన్నడు:
ఆలస్యంగా వచ్చాను, ఒక్క మాట. మొదటి పోస్టులో ఆత్మ గురించి అడిగారు కదా, దానికి ఎవరూ జవాబివ్వలేదు. శ్రీకాళహస్తిలో సాలెపురుగు, పాము, ఏనుగు ముక్తి పొందాయని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఒక్కటీ మంత్రం చదవలేదు, ఎవరూ వాటికి పరీక్ష పెట్టలేదు. మాట వస్తేనే ఆత్మ ఉన్నట్టు అన్న షరతు మనది కాదు. ఆ షరతు ఉన్నచోట పుట్టబట్టే పాపం కోకో నలభై ఏళ్ళు చేతులు తిప్పాల్సి వచ్చిందని నాకనిపిస్తుంది.

కనకాంబరం:
తిన్నడు గారూ, ఇది బాగుంది. కానీ ముక్తి ఇచ్చిన మన దేశంలోనే ఏనుగు కాలికి గొలుసు ఉంటుంది.

సైగల టీచర్:
నాదొక ప్రతిపాదన. కోకో వీడియోలు ఏళ్ళ తరబడి తీశారు. వాటిని సౌండ్ లేకుండా, కింద అక్షరాలు లేకుండా, కోకో గురించి ఏమీ తెలియని అమెరికన్ బధిరులు పదిమందికి విడివిడిగా చూపించండి. ఏం కనిపించిందో రాసివ్వమనండి. పదిమందీ ఒకటే రాస్తే నేను పెన్నీకి దండం పెడతాను.

వాదప్రియ:
నేనూ పెడతా. ముందు ఆ టేపులు మొత్తం బయటి పరిశోధకుల చేతికి ఇవ్వమనండి.