లౌడన్ కౌంటీలో ఒక్క జీతంతో ఇల్లు గడుస్తుందా? లెక్క చూసి చెప్పండి

కొత్తిల్లు_2023
అందరికీ నమస్కారం. వర్జీనియాలోని మన లౌడన్ కౌంటీ అమెరికాలోకెల్లా డబ్బున్న కౌంటీ అని మళ్ళీ వాట్సాప్‌లో తిరుగుతోంది. సెన్సస్ వాళ్ళ 2019-2023 లెక్కలో ఇక్కడ ఇంటి సగటు ఆదాయం ఏడాదికి లక్షా 78 వేల డాలర్ల పైన. దేశం మొత్తానికి 78 వేలు దాటింది. అంటే మనకు లక్ష ఎక్కువ. విజయవాడ నుంచి మా బావమరిది ఆ మెసేజ్ నాకే పంపి "ఇంకేం బావా, పంట పండింది" అన్నాడు.

పండిన పంట ఇదీ. నా జీతం లక్షా 45 వేలు. టాక్సులు, ఇన్సూరెన్స్, 401కె రిటైర్మెంట్ పొదుపు పోగా నెలకు చేతికొచ్చేది 8,500. బ్రాంబుల్టన్ దగ్గర టౌన్‌హౌస్ 7 లక్షల 20 వేలకు కొన్నాం, 6.75 శాతం వడ్డీ. మార్ట్‌గేజ్, ప్రాపర్టీ టాక్స్, హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) ఫీజు అన్నీ కలిపి 5,150. మా ఆవిడ జీతం 72 వేలు, చేతికి 3,900 వస్తుంది. ఇద్దరు పిల్లల డేకేర్ 3,600. అంటే ఆవిడ ఉద్యోగం వల్ల మిగిలేది నెలకు 300. ఆ 300 కోసం పొద్దున్నే ఆరింటికి పిల్లల్ని లేపి పరుగులు. మానేస్తే ప్రశాంతంగా ఉంటాం కదా? ఒక్క జీతంతో ఇక్కడ నెట్టుకొస్తున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

లెక్కల_మాస్టారు
అది సగటు కాదండీ, మధ్యగతం. పదో తరగతిలో సగటు, మధ్యగతం, బాహుళకం అని మూడూ చదివాం. ఇళ్ళన్నిటినీ ఆదాయం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న ఇంటి ఆదాయం లక్షా 78 వేలు. సగం ఇళ్ళు దానికి కింద, సగం పైన. సగటు తీస్తే ఇంకా ఎక్కువే వస్తుంది.

ఇంకో విషయం. అది మనిషి జీతం కాదు, ఇంటి ఆదాయం. పదిహేనేళ్ళు దాటిన అందరిదీ, టాక్సు కట్టకముందుది, కలిపి లెక్కేస్తారు. మీ లక్షా 45 వేలను దాని పక్కన పెట్టి పోల్చకూడదు. మీ ఇద్దరిదీ కలిపితే 2 లక్షల 17 వేలు. మీరు పై సగంలో ఉన్నారు.

స్టెర్లింగ్_శీను
ఇంటి ఆదాయం అంటే అందరిదీ కలిపేనా? మా బేస్‌మెంట్‌లో ఇద్దరు కన్సల్టెంట్ కుర్రాళ్ళు అద్దెకున్నారు మాస్టారూ. వాళ్ళ జీతాలు కూడా మా ఇంటివేనా?

లెక్కల_మాస్టారు
బేస్‌మెంట్‌ను విడి ఇల్లుగా లెక్కించకపోతే అంతే. బంధువులు కానక్కర్లేదు, ఒకే ఇంట్లో ఉంటే చాలు. రెండు నెలలు దాటి ఉండేవాళ్ళను ఆ సర్వేలో చేరుస్తారు.

స్టెర్లింగ్_శీను
అయితే మాది నాలుగు లక్షల కొంప. మా ఆవిడకు ఇప్పుడే చెప్తా.

పాతకాపు_98
తమ్ముడూ, నేను 1998లో వచ్చాను. అప్పటికి ఆష్‌బర్న్‌లో సగం పొలాలే. 1999లో 2 లక్షల 40 వేలకు సింగిల్ ఫ్యామిలీ కొన్నాను. జీతం 68 వేలు, వడ్డీ ఏడున్నర. ఒక్క జీతం. ఇద్దరు పిల్లల్ని చదివించాను, ఇండియాలో చెల్లెలి పెళ్ళి చేశాను, డేకేర్ మొహం చూడలేదు. ఎట్లా అంటే ఖర్చు అదుపులో పెట్టుకున్నాం. ఇప్పటివాళ్ళకు టెస్లా కావాలి, పిల్లలకు కుమాన్ ట్యూషన్ కావాలి, ఏటా ఇండియా ట్రిప్పు కావాలి, ఆపైన బతకలేకపోతున్నాం అంటారు. ఆవిడ ఇంట్లో ఉంటే పిల్లలు నీ మాట, నీ భాష నేర్చుకుంటారు. నిక్షేపంగా మానెయ్యమను.

ఆష్‌బర్న్_రవ్వ
పైన చెప్పినదంతా కరెక్ట్. 👍

లెక్కల_మాస్టారు
పాతకాపు గారూ, మీ ఇల్లు మీ జీతానికి మూడున్నర రెట్లు. కొత్తిల్లు గారిది అయిదు రెట్లు, అదీ టౌన్‌హౌస్. టెస్లాతో సంబంధం లేదు. 1990లో కౌంటీ జనాభా 86 వేలు, 2020కి 4 లక్షల 20 వేలు. వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది రెండు జీతాల వాళ్ళు. ఇల్లు అమ్మేవాడు ధర పెట్టేది ఆ రెండు జీతాలను చూసే.

గోదారి_పిల్ల
కొత్తిల్లు గారూ, ఒక్కటి అడుగుతాను. డేకేర్ 3,600ని ఆవిడ జీతంలోంచి ఎందుకు తీసేశారు?

కొత్తిల్లు_2023
ఆవిడ ఉద్యోగానికి వెళ్తేనే కదండీ డేకేర్ ఖర్చు. నేనెలాగూ వెళ్ళాలి.

గోదారి_పిల్ల
మీరు కూడా వెళ్తేనే డేకేర్. సరే, అదే లెక్క మీకు వేస్తాను. మీ 8,500లోంచి 3,600 తీసేయండి. 4,900. ఇంటికి 5,150. అంటే మీ ఉద్యోగం నెలకు 250 నష్టంలో నడుస్తోంది. మీరే మానేయండి, ప్రశాంతంగా ఉంటారు.

స్టెర్లింగ్_శీను
😂😂 మాస్టారూ, ఇది మధ్యగతమా సగటా?

పాతకాపు_98
మాటకారితనం వేరు, కాపురం వేరు అమ్మాయ్. ఎక్కువ జీతం ఎవరిదైతే వాళ్ళు చేస్తారు. ఇందులో ఆడా మగా ఏముంది?

గోదారి_పిల్ల
నన్ను అమ్మాయ్ అనకండి, నాకు 41. ఎక్కువ జీతం ఎవరిదంటే మధ్యలో ఆగనివాళ్ళది. నాది చెప్తాను వినండి. హెచ్4 వీసా వాళ్ళలో, అంటే హెచ్1బీ ఉద్యోగుల భార్యలూ భర్తల్లో, కొందరికి పని అనుమతి వచ్చింది 2015 మేలో. అంతకుముందు ఆరేళ్ళు ఎమ్మెస్సీ పట్టా పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. తర్వాత 58 వేలకు చేరి, 91 వేల దాకా వెళ్ళాను. 2021లో ఈఏడీ (పని అనుమతి కార్డు) రెన్యువల్ నెలల తరబడి కదల్లేదు. అప్పట్లో మా హెచ్4 వాళ్ళకు పాత కార్డు మీద ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కోర్టు కేసు రాజీ అయి అది దొరికింది ఆ ఏడాది నవంబర్‌లో. నా ఉద్యోగం ఆగస్టులోనే పోయింది. మళ్ళీ దొరికినప్పుడు 70 వేలు. ఆ 21 వేల తేడా మీ సెన్సస్ కాగితంలో ఎక్కడా ఉండదు.

నోవా_బుజ్జి
ఆ పొడిగింపు మళ్ళీ తీసేశారుగా. 2025 అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యువల్స్‌కు లేదు.

కాంట్రాక్టు_కష్టాలు
అందరూ జీతం అంటున్నారు, జీతం ఆగితే ఏంటో ఎవరూ చెప్పట్లేదు. నేను ఒక ఫెడరల్ ఏజెన్సీకి సబ్‌కాంట్రాక్టర్‌ని. 2025లో అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా 43 రోజులు ఫెడరల్ ప్రభుత్వం షట్‌డౌన్, ఆఫీసులు మూత. ప్రభుత్వ ఉద్యోగులకు ఆ రోజుల జీతం తర్వాత వచ్చింది. మాకు రాలేదు, రాదు కూడా. మా కంపెనీ "సెలవు వాడుకోండి" అంది. ఉన్న సెలవు తొమ్మిది రోజులు. నాది లక్షా 60 వేలు, మా ఆవిడది స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్ ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఆ జీతాన్ని "నీ కూరగాయల డబ్బు" అని ఏడిపించేవాణ్ణి. ఆ నెలన్నరా ఇల్లు నడిచింది దాంతోనే. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా స్కూలు వాళ్ళదే. ఈ కౌంటీలో అందరికన్నా ఎక్కువమందికి పనిచ్చేది డేటా సెంటర్లు కాదు, పబ్లిక్ స్కూళ్ళు. ఆ సంగతి అప్పుడు తెలిసింది నాకు.

ఆష్‌బర్న్_రవ్వ
డేటా సెంటర్లన్నీ మన నెత్తి మీదే ఉన్నాయి, వాటి టాక్సు కౌంటీకే వస్తోంది, మరి ప్రాపర్టీ టాక్స్ ఎందుకు తగ్గించరు?

లెక్కల_మాస్టారు
తగ్గించారు. వంద డాలర్ల విలువకు 2024లో 86.5 సెంట్లు, 2025లో 80.5.

ఆష్‌బర్న్_రవ్వ
మరి నా బిల్లు తగ్గలేదే?

లెక్కల_మాస్టారు
ఇంటి విలువ పెంచి ఉంటారు. రేటు వేరు, బిల్లు వేరు.

డల్లెస్_నైట్‌షిఫ్ట్
చాన్నాళ్ళుగా చదువుతున్నాను, ఎప్పుడూ రాయలేదు. నేను ఎయిర్‌పోర్టులో షాపులో చేస్తాను, మా ఆయన గ్రోసరీ స్టోర్‌లో మేనేజర్. ఇద్దరిదీ కలిపితే 82 వేలు. ఇద్దరు పిల్లలు, స్టెర్లింగ్‌లో అపార్ట్‌మెంట్. ఆయన పగలు, నేను రాత్రి. డేకేర్ లేదు, నిద్ర కూడా లేదు. మీరు మిగలట్లేదు అంటుంటే నవ్వొస్తోందండీ, తప్పుగా అనుకోకండి.

లెక్కల_మాస్టారు
మేడమ్, మీరు కౌంటీ వాళ్ళ ఏడీయూ స్కీమ్ చూశారా? కొత్త కాలనీల్లో కొన్ని ఇళ్ళు తక్కువ ధరకు ఇస్తారు. ప్రాంతపు మధ్యగత ఆదాయంలో 30 నుంచి 70 శాతం మధ్య ఉన్నవాళ్ళకు. వాషింగ్టన్ ప్రాంతంలో నలుగురి కుటుంబానికి అది 2024లో లక్షా 54 వేల 700. అందులో 70 శాతం అంటే లక్షా 8 వేల పైన. ఇక్కడ లక్ష డాలర్లు వచ్చే ఇల్లు కూడా ఆ స్కీమ్ కిందికే వస్తుంది.

డల్లెస్_నైట్‌షిఫ్ట్
తెలీదండీ. థాంక్స్. చూస్తాను.

పాతకాపు_98
అందరి కష్టాలూ విన్నాం. అసలు ప్రశ్న ఒక్క జీతంతో గడుస్తుందా అని. నేను గడిపాను. సాక్ష్యం నేనే. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

సౌత్‌రైడింగ్_సుబ్బు
పాతకాపు గారూ, మీరెవరో నాకు తెలుసు, పేరు చెప్పను. 2001లో మా పెద్దాడికి పది నెలలు. ఏడాదిన్నర మీ ఇంట్లోనే పెరిగాడు. ఆంటీ వాడికి పప్పన్నం కలిపి పెట్టేవారు, వాడికి మాటలొచ్చిందీ అక్కడే. వాడితో పాటు ఇంకో ముగ్గురు పిల్లలు ఉండేవాళ్ళు. నెలకు 600 ఇచ్చేవాళ్ళం, ఒక్కొక్కరం. డేకేర్ మొహం చూడలేదు అన్నారు. మీ ఇల్లే డేకేర్ అండీ.

స్టెర్లింగ్_శీను
అమ్మో.

పాతకాపు_98
సుబ్బూ, అది ఉద్యోగం కాదయ్యా. ఆవిడ ఇంట్లో ఊరికే ఉండలేక చేసిన పని. ఇంట్లో మాటలు ఇక్కడికి ఎందుకు తెచ్చావు?

గోదారి_పిల్ల
నలుగురు పిల్లలు, నెలకు 2,400, ఏడాదికి 28,800. మీ జీతం 68 వేలు. ఊరికే ఉండలేక అంత సంపాదించారా ఆవిడ!

లెక్కల_మాస్టారు
సర్వేలో సొంత పని మీద వచ్చే ఆదాయానికి విడిగా ప్రశ్న ఉంటుంది. అది రాయకపోతే తప్పు లెక్కే.

పాతకాపు_98
మాస్టారూ, మీరు కాసేపు ఊరుకోండి. రెండేళ్ళ కిందట ఆ సర్వే ఫారం మా ఇంటికీ వచ్చింది. ఆవిడ పేరు దగ్గర పని చేయడం లేదు అనే రాశాను. ఇప్పటికీ ఇద్దరు పిల్లలు వస్తారు. అందులో తప్పేముందో నాకు అర్థం కాలేదు. నేను ఎవరి కష్టాన్నీ తక్కువ చేయలేదు.

మోడరేటర్
వ్యక్తిగత విషయాల్లోకి వెళ్ళకండి. సుబ్బు గారూ, మీకు ఇది మొదటి హెచ్చరిక.

గోదారి_పిల్ల
కొత్తిల్లు గారేరీ? నిప్పు పెట్టి వెళ్ళిపోయారు.

కొత్తిల్లు_2023
ఉన్నానండీ. చదువుతున్నాను. మా ఆవిడ కూడా చదివింది, అదే ఇబ్బంది.

పూర్తిగా చెప్పలేదు నేను. ఈ అక్టోబర్ దాకా మాకు డేకేర్ లేదు. మా అమ్మ ఆర్నెల్లు ఇక్కడే ఉంది, అంతకుముందు వాళ్ళమ్మగారు. చిన్నాణ్ణి వాళ్ళే చూశారు, పెద్దది సగం రోజు ప్రీస్కూల్. అప్పుడు మాకు నెలకు మూడు వేలు మిగిలేవి. ఆ లెక్క మీదే ఇల్లు కొన్నాను. అమ్మ వెళ్ళేటప్పుడు మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేకపోయింది. మళ్ళీ రానంది. మా ఆవిడ ఈఏడీ మే నెలాఖరుకు అయిపోతుంది. రెన్యువల్‌కు లాయర్ ఫీజు, టెన్షన్, పైగా ఇప్పుడు పొడిగింపు లేదు. వదిలేద్దాం అన్నది నేనే. ఆవిడ అనలేదు. "మానేస్తే ప్రశాంతంగా ఉంటాం కదా" అని మీ అందరితో చెప్పిద్దామని పోస్టు పెట్టాను.

గోదారి_పిల్ల
ఆవిడ ఏమన్నారు?

కొత్తిల్లు_2023
ఏమీ అనలేదు. మీ 250 నష్టం లెక్క స్క్రీన్‌షాట్ తీసి నాకే పంపింది. పక్క గదిలోంచి.

కాంట్రాక్టు_కష్టాలు
బ్రో, రెన్యువల్ గడువుకు 180 రోజుల ముందు వేయొచ్చు. మే నెలాఖరు అంటే వేసే సమయం వచ్చినట్టే. రేపే వెయ్యి. డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ, అంటే డేకేర్ కోసం జీతంలోంచి టాక్సు లేకుండా పక్కన పెట్టుకునే డబ్బు, దాని పరిమితి 2026 నుంచి ఏడాదికి 7,500, ఎన్‌రోల్‌మెంట్ ఉంటే అదీ చూడు. పెద్దది రెండేళ్ళలో స్కూలుకు వెళ్తుంది. 3,600 ఎల్లకాలం ఉండదు.

ఆష్‌బర్న్_రవ్వ
నేను మొదట పెట్టిన బొటనవేలు వెనక్కి తీసుకుంటున్నా.

పాతకాపు_98
రాత్రి మా ఆవిడను అడిగాను. సుబ్బు ఇలా రాశాడని చెప్పాను. 2002లో మా టెలికాం ఉద్యోగాలు పోయాయి, నేను ఏడు నెలలు ఖాళీగా ఉన్నాను. ఆ ఏడు నెలల మార్ట్‌గేజ్ కంపెనీ పంపించేటప్పుడు ఇచ్చిన సెవరెన్స్ డబ్బుతో కట్టానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. సెవరెన్స్ ఆరు వారాలకే అయిపోయిందిట. మిగతాది ఆవిడ పిల్లల్ని చూసినందుకు వచ్చిన డబ్బేనట. చెక్కుబుక్కు ఆవిడే చూసేది. నాకు నిజంగా గుర్తులేదు.

అయినా ఒక్క జీతంతో గడిపాం అన్న మాట అబద్ధం కాదు.

లెక్కల_మాస్టారు
కాదండీ. ఆ ఏడు నెలలు ఒక్క జీతమే. కాకపోతే మీది కాదు.

సౌత్‌రైడింగ్_సుబ్బు
ఆంటీకి నమస్కారాలు చెప్పండి. మావాడికి ఈ మేలో గ్రాడ్యుయేషన్ అయింది, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు.

డల్లెస్_నైట్‌షిఫ్ట్
పాతకాపు గారూ, ఆంటీగారు ఇంకా పిల్లల్ని చూస్తున్నారా? మా చిన్నదానికి వారంలో మూడు పూటలు చాలు. ఎంత తీసుకుంటారు?

పాతకాపు_98
ఆవిడనే అడగాలమ్మా. మెసేజ్ పెట్టు, నంబరిస్తాను.