అప్‌డేట్: మాంగా దొరికింది, చుక్కల మినుకూ అర్థమైంది

జపాన్ మాంగాను, అంటే అక్కడి బొమ్మల కథలను, ఇంగ్లీషులో చట్టబద్ధంగా ఎక్కడ చదవవచ్చునని, నక్షత్రాలు ఎందుకు మినుకుమంటాయని గత వారం ఒకేసారి అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మొదటిది తేలికగానే తేలిపోయింది. షుయేషా అనే జపాన్ ప్రచురణ సంస్థ 2019లో ప్రారంభించిన మాంగా ప్లస్ యాప్‌లో చాలా కథల తొలి అధ్యాయాలు, తాజా అధ్యాయాలు ఉచితంగా ఉన్నాయి. పుటలు కుడి నుంచి ఎడమకు సాగుతాయని మరచి, కొనుక్కున్న అచ్చు పుస్తకంలో ముగింపునే ముందు చదివేశాను!

రెండవదే నన్ను ఎక్కువగా పట్టుకున్నది. ఎంతో దూరాన ఉండి ఒక్క బిందువులా కనిపించే నక్షత్రపు కాంతి, వేర్వేరు ఉష్ణోగ్రతలతో కదలాడే గాలి గుండా వచ్చేటప్పుడు క్షణక్షణమూ కొద్దికొద్దిగా వంగుతూ, ఒకసారి ఎక్కువగా, మరొకసారి తక్కువగా మన కంటికి చేరుతుందట. నిన్న రాత్రి మేడ మీద నుంచి గమనిస్తే, నడినెత్తి చుక్కలకన్నా దిగంతానికి దగ్గరగా ఉన్నవే ఎక్కువగా వణికాయి. వాటి వెలుగు మరింత గాలిని దాటి రావాలి కదా. జపాన్ వారు తమ 8.2 మీటర్ల టెలిస్కోపును హవాయిలోని మౌనా కియా శిఖరంపై నిలపడానికి అక్కడి నిశ్చలమైన గాలి కూడా ఒక కారణమని తెలిసింది. దాని పేరు సుబారు, అంటే మన కృత్తికలే.