ఐటీఐలో వెల్డింగ్ చదువుతున్న మా అబ్బాయిని ఇండియా స్కిల్స్ పోటీకి పంపాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

గాజువాక నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. మా వాడు 2007లో పుట్టాడు. చదువు మధ్యలో ఆపేసి కొన్నాళ్లు మా తమ్ముడి ఫ్యాబ్రికేషన్ షాపులో పనిచేశాడు. ఇప్పుడు ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చదువుతున్నాడు, ఏడాది కోర్సు. గేట్లు, గ్రిల్స్, షెడ్డు ట్రస్సులు ఒక్కడే నిలబడి చేసేస్తాడు. మొన్న క్లాసులో ఎవరో ఇండియా స్కిల్స్ అనే దేశస్థాయి పనితనం పోటీ గురించి చెప్పారట. అక్కడ గెలిస్తే ప్రపంచ స్థాయి పోటీ వరల్డ్ స్కిల్స్‌కి పంపుతారని విన్నాడు. అప్పటి నుంచి వీడికి వేరే ధ్యాస లేదు.

నాకు తెలియనివి ఇవి. వీడి వయసు సరిపోతుందా? పేరు ఎక్కడ ఇవ్వాలి? షాపులో నేర్చుకున్న పని అక్కడ పనికొస్తుందా, లేక వేరే నేర్పించాలా? ఆర్గాన్ గ్యాస్‌తో వెల్డు చేసే టిగ్ మిషన్ కొనమంటున్నాడు, కొనాలా? గెలవకపోతే ఉద్యోగం వెతుక్కోవాల్సిన ఏడాది పోతుందేమోనని వాళ్ల అమ్మకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

వెల్డింగ్ మాస్టారు (ఐటీఐలో 24 ఏళ్లు చెప్పాను, ఇప్పుడు రిటైర్డ్)

ముందు వయసు సంగతి. వరల్డ్ స్కిల్స్‌లో ఎక్కువ ట్రేడ్లకు పోటీ జరిగే ఏడాదిలో వయసు 22 దాటకూడదు. మెకట్రానిక్స్, సైబర్ సెక్యూరిటీ లాంటి కొన్నింటికి మాత్రం 25 వరకు ఉంది. వెల్డింగ్‌కి 22. 2026 సెప్టెంబరు షాంఘై పోటీకి 2004 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లు అర్హులు. ఆ తర్వాతది 2028లో, జపాన్‌లోని ఐచిలో. అదే లెక్క వేస్తే 2006 నుంచి పుట్టినవాళ్లు వస్తారు. మీవాడికి అప్పటికి 21. కాబట్టి తొందరేమీ లేదు, అలాగని తాపీగా కూర్చునే టైమూ లేదు. ఒక మనిషి వరల్డ్ స్కిల్స్‌లో ఒక్కసారే ఆడగలడు. ఇండియా స్కిల్స్‌లో ఓడినవాడు మాత్రం వయసు ఉన్నంత వరకు మళ్లీ ప్రయత్నించవచ్చు.

పోటీని కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖ తరఫున జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎస్‌డీసీ) నడుపుతుంది. పేరు ఇచ్చేది స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ పోర్టల్‌లో. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ, టెన్త్ సర్టిఫికెట్‌లో తేదీ ఒకటేనా అని ఈరోజే చూసుకోండి. తేడా ఉంటే సరిచేయించడానికి తిరగాల్సి వస్తుంది, అప్పటికి గడువు దాటిపోతుంది. ఆంధ్రాలో రాష్ట్ర స్థాయి పోటీలు రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ (ఏపీఎస్‌ఎస్‌డీసీ) పెడుతూ వచ్చింది. తర్వాత దశలు ప్రతిసారీ ఒకేలా ఉండవు. 2021 డిసెంబరులో దక్షిణాది రాష్ట్రాల ప్రాంతీయ పోటీ మన విశాఖలోనే జరిగింది. 2024 మేలో జాతీయ పోటీ ఢిల్లీ ద్వారకలోని యశోభూమిలో 61 స్కిల్స్‌లో పెట్టారు. పేరు ఎక్కిస్తాం, సీటు ఇప్పిస్తాం అని ఎవరైనా డబ్బులు అడిగితే రూపాయి ఇవ్వకండి.

ఇక అసలు విషయం. షాపు పని పనికొస్తుందా అన్నారు. చెయ్యి పనికొస్తుంది, అలవాట్లు పనికిరావు. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

గేటు పనిలో గ్యాప్ ఎక్కువైతే రాడ్ నింపేస్తాం, పైన గ్రైండర్ పెట్టి నున్నగా చేసి ప్రైమర్ కొట్టేస్తాం. కస్టమరుకి కనిపించేది పెయింటే. పోటీలో పూర్తయిన వెల్డు మీద గ్రైండర్ పెట్టకూడదు. వైర్ బ్రష్‌తో స్లాగ్ (వెల్డు మీద పేరుకునే తొక్క), మసి దులపాలి, అంతే. చేతిలోంచి ఎలా వచ్చిందో అలాగే బల్ల మీద పెట్టాలి. తర్వాత దాన్ని కొలుస్తారు. పూస (వెల్డు గీత) ఎత్తు, అండర్‌కట్ (వెల్డు అంచున పడే గాడి) లోతు, వెనక వైపు రూట్ (జాయింట్ అడుగున వేసే మొదటి వెల్డు) చొచ్చుకొచ్చిన మేర, అన్నీ గేజీతోనే. ఆపైన కొన్ని ముక్కలకు ఎక్స్‌రే తీస్తారు. ఇలా కొలిచి వేసే మార్కులు ఒక రకం. రెండో రకం చూసి వేసే మార్కులు. ముగ్గురు నిపుణులు 0 నుంచి 3 వరకు వేస్తారు. పరిశ్రమలో మామూలుగా ఒప్పుకునే పనికి 1 వస్తుంది. మీ ఊళ్లో ‘సూపర్’ అన్న పనికి అక్కడ 1 పడిందంటే పిల్లాడు కుంగిపోకూడదు, ముందే చెప్పండి.

వెల్డింగ్‌లో నాలుగు రకాల పని వస్తుంది. ప్లేట్లు, పైపుల పరీక్ష ముక్కలు, మైల్డ్ స్టీల్ ప్రెషర్ వెసెల్ (లోపలి ఒత్తిడి తట్టుకునే పెట్టె), ఒక అల్యూమినియం నిర్మాణం, ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ నిర్మాణం. రాడ్ వెల్డింగ్, మిగ్ (గ్యాస్ రక్షణలో తీగతో చేసేది), ఫ్లక్స్ కోర్ (లోపల పొడి ఉన్న తీగతో చేసేది), టిగ్, నాలుగూ రావాలి. అదంతా నాలుగు రోజుల్లో, గంటలు లెక్కపెట్టి.

ఒక్క అనుభవం చెబుతాను. మా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు. బాగా చెయ్యి తిరిగినవాడు. రాష్ట్ర స్థాయికి ముందు చిన్న పెట్టె డ్రాయింగ్ ఇచ్చి చేయమన్నాం. చేశాడు. బొట్లు పేర్చినట్టు ఉంది వెల్డు, నేనే మురిసిపోయాను. నీళ్లు నింపి చేతిపంపుతో ఒత్తిడి పెంచాం. ముల్లు పైకి వెళ్లి నిలబడింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత కింది మూలలో, మూడు జాయింట్లు కలిసేచోట, చెమట పట్టినట్టు సన్నగా తడి మెరిసింది. గుడ్డతో తుడిచాను. పది లెక్కపెట్టేలోపు మళ్లీ మెరిసింది. కోసి చూస్తే అక్కడ రాడ్ మార్చాడు. ఆపిన చోట స్లాగ్ కొట్టకుండా, కొత్త రాడ్ అదే మీద అంటించి వెళ్లిపోయాడు. అదీ తప్పే, అసలు మూలలో ఆపడమే పెద్ద తప్పు. మూల చుట్టూ తిరిగి దాటాక ఆపాలి.

తప్పు వాడిది కాదు, నాది. ఏడాదంతా వాడికి అందంగా వెల్డు చేయడం నేర్పాను, ఆపి మళ్లీ మొదలుపెట్టడం నేర్పలేదు.

అందుకే మీవాడికి మొదటి నెల ఒకటే పని పెట్టండి. 10 ఎంఎం ప్లేటు రెండు ముక్కలు, అంచు ఏటవాలుగా (బెవెల్) కోసి, గ్యాప్ పెట్టి చిన్న చుక్కలతో ట్యాక్ వేసి, రూట్ పాస్ మధ్యలో కావాలనే ఆపాలి. పోటీ ముక్కల్లోనూ ఇలా మధ్యలో ఆపి మొదలుపెట్టమని అడుగుతారు. ఆపిన చివరను పలచగా గ్రైండ్ చేసి, స్లాగ్ పూర్తిగా తీసి, కొంచెం వెనక నుంచి ఆర్క్ అంటించి ఆ గుంట మీదికి రావాలి. రూట్‌లో ఇలా గ్రైండ్ చేసుకోవచ్చు, పై పూస మీదే చేయకూడదు. 7018 రకం రాడ్ అయితే ఆరిన చివర గాజులా పెంకు కడుతుంది. దాన్ని విరగ్గొట్టకుండా అంటిస్తే మొదటి సెకనులోనే బ్లో హోల్ (గాలి బుడగ రంధ్రం) పడుతుంది. ఆ రాడ్లు తేమ పీల్చుకుంటాయి, షాపులో మూత తీసిన ప్యాకెట్ వాడొద్దు. ఆరబెట్టుకుని వాడాలి.

రెండోది డ్రాయింగ్. మన పిల్లలు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే, ఇది నేను గట్టిగా చెబుతాను. వస్తువు వైపులను కాగితం మీద పేర్చే పద్ధతులు రెండు, ఫస్ట్ యాంగిల్, థర్డ్ యాంగిల్. మన దగ్గర ఫస్ట్ యాంగిల్‌లో చదువుకుంటారు. వచ్చిన డ్రాయింగ్ థర్డ్ యాంగిల్‌లో ఉంటే కుడి ముక్క ఎడమకు పోతుంది, ఆ తర్వాత ఎంత బాగా వెల్డు చేసినా లాభం లేదు. డ్రాయింగ్ కింది మూలలో వృత్తం, కోసిన శంకువు బొమ్మ చిన్నదిగా ఉంటుంది. ఏ పద్ధతో చెప్పేది అదే, ముందు దాన్ని చూడటం అలవాటు చేయండి. వెల్డు గుర్తు గీతకు కింద ఉందా పైన ఉందా, జాయింట్ ఏ వైపు అనేది తడుముకోకుండా చెప్పగలగాలి.

ఖమ్మం నుంచి టైల్స్ పని చేసే తమ్ముడు

మాస్టారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాకు 19. ఐటీఐ చదవలేదు, నాన్నతోపాటు టైల్స్, మార్బుల్ పనికి పోతాను. నాలాంటోళ్లకు ఈ పోటీలో చోటు ఉంటదా?

వెల్డింగ్ మాస్టారు

ఉంటుంది బాబూ. వయసు, పనితనం చూస్తారు, ఐటీఐ సర్టిఫికెట్ ఉండి తీరాలని లేదు. వాల్ అండ్ ఫ్లోర్ టైలింగ్ అనే స్కిల్ విడిగా ఉంది. ఇటుక పని, ప్లాస్టరింగ్, పెయింటింగ్ కూడా ఉన్నాయి. నీ పేరుతో పోర్టల్‌లో ఖాతా తెరువు. హైదరాబాద్‌లో న్యాక్, అంటే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, నిర్మాణ పనుల్లోనే శిక్షణ ఇస్తుంది. ఒకసారి వెళ్లి పోటీకి సాధన చేయిస్తారా అని అడుగు.

నాకు టైల్స్ పని రాదు. కానీ పోటీ హాల్లో చూసినది చెబుతాను. సైటులో ఒక టైలు ఒక నూలు అటు ఇటు అయితే గ్రౌట్‌లో సర్దేస్తారు. అక్కడ మట్టం, తూకం, సమతలం, జాయింట్ వెడల్పు మిల్లీమీటర్లలో చూస్తారు. బద్ద పెట్టి దాని కింద ఫీలర్ గేజీ (సందు కొలిచే సన్నటి రేకు) దూరుస్తారు. గుండ్రంగా, వంపుగా కోసిన ముక్కల అంచు ఊడకూడదు. పొద్దున నాన్నతో పనికి వెళ్లేముందు రోజుకు రెండు వంపు కోతలు కోసి దాచిపెట్టు. నెల తర్వాత మొదటిది, చివరిది పక్కపక్కన పెట్టి చూడు.

విజయవాడ నుంచి బేకరీ కోర్సు చేసిన అమ్మాయి

అంకుల్, ఆంటీ టెన్షన్ గురించి రాశారు కదా, దానికి నేను చెప్తాను. నేను రాష్ట్ర స్థాయిలో ఆడాను, పతకం రాలేదు. ఇంట్లో ఐదు ఐటమ్స్ విడివిడిగా నేర్చుకుని వెళ్లాను. అక్కడ ఐదూ ఒకే ఓవెన్, ఒకే ఫ్రిజ్, ఒకే గడియారం. పఫ్ పిండి మడత తర్వాత అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి కదా, ఆ అరగంటలో ఏం చేయాలో రాసుకోలేదు. నిలబడి చూస్తూ ఉండిపోయాను. చివర్లో కేక్ చల్లారకముందే క్రీమ్ పూయాల్సి వచ్చింది, పక్కనుంచి జారిపోయింది. ఏడ్చాను కూడా.

కానీ ఆ తర్వాత ఇంటర్వ్యూలో చెఫ్ నన్ను పని ఎలా వేసుకుంటావు అని అడిగితే కాగితం తీసుకుని నిమిషాలవారీగా గీసి చూపించాను. ఉద్యోగం వచ్చింది. ఏడాది పోలేదు ఆంటీ. 2024లో లియోన్‌లో జరిగిన వరల్డ్ స్కిల్స్‌లో మనదేశానికి నాలుగు కాంస్యాలు వచ్చాయి, అందులో ఒకటి మా పేస్ట్రీ స్కిల్‌లోనే. ఇంకా 12 మెడాలియన్స్ ఆఫ్ ఎక్సలెన్స్ వచ్చాయి. పతకం రాకపోయినా 700 పాయింట్లు దాటినవాళ్లకు అది ఇస్తారు.

మీ అబ్బాయికి ఒకటే చెప్పండి. సాధన చేసేటప్పుడు ఫోన్‌లో టైమర్ పెట్టుకోకుండా ఒక్కరోజు కూడా చేయొద్దు.

గాజువాక తండ్రి

మాస్టారూ, ఈ ఆదివారం మీరు చెప్పినట్టే షాపులో చేయించాం. ముందు ‘ఇది నాకెప్పుడో వచ్చు’ అన్నాడు. వెనక్కి తిప్పి చూస్తే ఆపిన చోట రూట్ అసలు దిగలేదు, మధ్యలో సన్నటి గీత కనిపిస్తోంది. అన్నం తినమన్నా లేవలేదు. సాయంత్రానికి తొమ్మిది ముక్కలు చేశాడు, తొమ్మిదోది కాస్త నయం. అమ్మాయీ, నువ్వు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను, చాలా ధైర్యం వచ్చింది తల్లీ. ఇంకొక్కటే, టిగ్ మిషన్ సంగతి చెప్పలేదు.

వెల్డింగ్ మాస్టారు

ఇప్పుడే కొనకండి. మిషన్ ఒక్కటే కాదు, అల్యూమినియం చేయాలంటే ఏసీ కరెంటు ఇచ్చే టిగ్ కావాలి, ఆర్గాన్ సిలిండరు, ఫిల్లర్ వైర్లు, ప్లేట్లు, ఖర్చు నెలనెలా ఉంటుంది. ముందు మీ ఆటోనగర్‌లో స్టెయిన్‌లెస్ పని చేసే షాపు ఒకటి చూసుకుని, వారానికి రెండు సాయంత్రాలు అక్కడ సహాయానికి పంపండి. జీతం అడగొద్దు, తుక్కు ముక్కల మీద సాధన చేసుకోనిస్తే చాలు. విశాఖలోనే సీఈఎంఎస్ అని నౌకానిర్మాణ శిక్షణ కేంద్రం ఉంది, వెల్డింగ్ విభాగం ఉంది. మీరే వెళ్లి మాట్లాడండి, ఐటీఐ ప్రిన్సిపాల్ దగ్గర ఉత్తరం తీసుకెళ్తే ఇంకా మంచిది.

టిగ్ పట్టుకున్న రోజు రెండు విషయాలు గుర్తుచేయండి. అల్యూమినియానికి వాడే స్టెయిన్‌లెస్ బ్రష్ ఇంక దేనికీ వాడకూడదు. స్టెయిన్‌లెస్ పైపుకి వెనక వైపు కూడా ఆర్గాన్ ఇవ్వాలి, లేకపోతే రూట్ నల్లగా పంచదార పాకం మాడినట్టు వస్తుంది. గ్రైండింగ్ చేసేటప్పుడు కళ్లద్దాలు, చెవులకు ప్లగ్గులు తప్పనిసరి. షాపులో ఎవరూ పెట్టుకోరు కదా అని వదిలేస్తే పోటీలో మధ్యలో ఆపేస్తారు. అంతకంటే ముందు వాడి కళ్లు మనకు కావాలి.

తొమ్మిదో ముక్క ఫోటో పెట్టమనండి. పై వైపుది వద్దు, వెనక వైపు రూట్ కనిపించేలా, పక్కన స్కేలు పెట్టి తీయమనండి.