క్యామ్‌లు మారుస్తున్నా, పుష్‌రాడ్‌లు ఏవి వేయాలి?

అందరికీ నమస్కారం. నాది 2009 హార్లే డైనా బైకు, 96 క్యూబిక్ ఇంచుల ట్విన్ క్యామ్ ఇంజిన్. ఉండేది డాలస్‌లో. హెడ్లు ముట్టుకోకుండా, ఉన్న వాల్వు స్ప్రింగులతోనే సరిపోయే క్యామ్‌లు (తిరుగుతూ వాల్వులని తెరిపించేవి) తెచ్చాను. తేలనిది పుష్‌రాడ్‌ల సంగతే, అంటే క్యామ్ కదలికని పైనున్న వాల్వుల వైపు అందించే కడ్డీలు.

కంపెనీవి ఒకే ముక్క. వాటినే ఉంచాలంటే ట్యాంకు దింపి రాకర్ బాక్సులు (హెడ్ల మీది పెట్టెలు) విప్పాలి. అడ్జస్టబుల్‌వి (పొడవు మార్చుకోగలిగేవి) వేస్తే పాతవి కోసి లాగేయొచ్చు, ఆ చాకిరీ తప్పుతుంది. కానీ కొత్త క్యామ్ బేస్ సర్కిల్ (ఉబ్బు లేని గుండ్రటి భాగం) చిన్నదైతే పాత పొడవు చాలదు కదా? క్యామ్‌కీ పుష్‌రాడ్‌కీ మధ్య ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్‌కి ప్రీలోడ్ (ముందే ఉండాల్సిన నొక్కుడు) తగ్గి టకటకమంటుందని నా భయం. ఇప్పటికే మా ఆవిడ దీన్ని పిండిమర అంటుంది!

అడ్జస్టబుల్‌వి వేసినవాళ్లు చెప్పండి: లిఫ్టర్‌లో ఆయిల్ దిగడానికి ఎంతసేపు ఆగారు, పొడవు సరిచేయడానికి పుష్‌రాడ్‌ని ఎన్ని చుట్లు తిప్పారు? క్రోమ్‌మోలీ (ఒక రకం గట్టి స్టీలు)వా, అల్యూమినియంవా? లాక్‌నట్లు ఎవరికైనా వదులయ్యాయా?