సీటింగ్ పజిల్స్ ఏఐతో చేయిస్తే మధ్యలో తప్పుతోంది, ఎలా అడగాలి?

పీవో_ప్రిపరేషన్:
బ్యాంక్ పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకి చదువుతున్నాను. గుండ్రటి టేబుల్ చుట్టూ ఎనిమిది మంది, కొందరు లోపలికి, కొందరు బయటికి చూస్తూ కూర్చునే పజిల్స్‌ని చాట్‌బాట్‌తో చేయిస్తున్నా. మొదటి రెండు మూడు షరతుల వరకూ బాగానే వెళ్తుంది. ఆ తర్వాత కుడి ఎడమలు తారుమారు చేసి, ధీమాగా ఏదో ఒక పేరు చెప్పేస్తుంది. 'స్టెప్ బై స్టెప్ ఆలోచించు' అని రాసినా అంతే. ఇంకేం రాయాలి?

రీజనింగ్_మాస్టారు:
ఆ వాక్యం 2022లో టోక్యో విశ్వవిద్యాలయం, గూగుల్ పరిశోధకుల పేపర్‌తో పేరుకెక్కింది. ఇప్పటి మోడళ్లు చాలావరకు అడక్కపోయినా స్టెప్పులు రాస్తాయి. ఏ స్టెప్పులో ఏం చేయాలో మనం చెప్పాలి. క్లాసులో పిల్లలతో బోర్డు మీద చేయించేదే దానితోనూ చేయిస్తాను:

"ముందే జవాబు చెప్పొద్దు. షరతులన్నిటికీ నంబర్లు వేసి తిరిగి రాయి. లోపలికి చూసేవాళ్లకి కుడి అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశ, బయటికి చూసేవాళ్లకి ముల్లు తిరిగే దిశ. ఎవరి ముఖం ఎటో తేలకపోతే 'తెలియదు' అని రాయి. ఒక షరతు రెండు రకాలుగా కుదిరితే రెండు కేసులూ విడిగా నడుపు. ఒకటికి మించి అమరికలు మిగిలితే అన్నీ చూపించు."

మొదటి వాక్యం తీసేయకండి. మోడల్ ముక్క తర్వాత ముక్కగా రాసుకుంటూ పోతుంది. పేరు ముందే పడిందా, కింద రాసే వివరణంతా ఆ పేరుని సమర్థించడానికే పోతుంది.

చివరి వాక్యం ఎందుకంటే, చిన్నది చూడండి. ఉత్తరం వైపు చూస్తూ ఒకే వరుసలో అయిదుగురు. గోపి నట్టనడుమ. సీత గోపి పక్కన లేదు. సీతకి వెంటనే కుడివైపు లత. అంటే ఎడమ నుంచి సీత, లత, గోపి ఖాయం. రవి, మధు మాత్రం అటూ ఇటూ మారొచ్చు. 'కుడి చివర ఎవరు?' అంటే 'చెప్పలేం' అన్నదే సరైన జవాబు. మోడల్‌కి ఆ దారి చూపించకపోతే ఒక పేరు తగిలించేస్తుంది.

కోడ్_కుర్రాడు:
పైథాన్ ప్రోగ్రామ్ రాయించి రన్ చేయడం ఇంకా నయం కదా సార్? ఎనిమిది మందికి గుండ్రంగా 5,040 అమరికలు, ముఖాల దిశలు 256 రకాలు. రెండూ గుణిస్తే 12,90,240. కంప్యూటర్‌కి క్షణాల పని.

రీజనింగ్_మాస్టారు:
నిజమే, జవాబు సరిచూసుకోవడానికి అంతకంటే గట్టి దారి లేదు. కానీ షరతుల్ని కోడ్‌గా మార్చేదీ మోడలే. 'కుడివైపు మూడో వ్యక్తి' అన్నచోట ముఖం దిశని లెక్కలోకి తీసుకుందో లేదో ఆ ఒక్క లైనూ మీరే చదవండి. పైగా పరీక్ష హాల్లో పైథాన్ ఉండదు, పరీక్ష రాసేవాళ్లకి కావాల్సింది కేసులు విడగొట్టే పద్ధతి.

పీవో_ప్రిపరేషన్:
థాంక్యూ సార్. జవాబు వచ్చాక 'మళ్లీ చెక్ చెయ్' అంటే చాలా?

రీజనింగ్_మాస్టారు:
చాలదు. అదే చాట్‌లో అడిగితే పాత దారినే ఒప్పేసుకుంటుంది, లేదంటే ఒప్పుగా ఉన్నదాన్నీ క్షమాపణ చెప్పి మార్చేస్తుంది. కొత్త చాట్ తెరిచి షరతులు, చివరి అమరిక మాత్రమే ఇవ్వండి. ఒక్కో షరతు ఎదుట ఎవరి పక్కన ఎవరున్నారో పేర్లతో రాయించండి. ఉత్త 'సరిపోయింది' అని రాస్తే ఒప్పుకోవద్దు.