స్కూలు బస్సు డ్రైవర్లకు, ఆయాలకు ఆన్‌లైన్ శిక్షణ ఎలా ఇస్తున్నారు?

నమస్కారం. కరీంనగర్ దగ్గర ఒక ప్రైవేటు పాఠశాలలో బస్సుల నిర్వహణ చూస్తుంటాను. 2021 ఫిబ్రవరి 1 నుంచి తొమ్మిది, పది తరగతులు మొదలవుతాయని ప్రభుత్వం ప్రకటించింది. ఈలోగా డ్రైవర్లకు, ఆయాలకు కరోనా జాగ్రత్తలపై శిక్షణ మొత్తం ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయాలని యాజమాన్యం పట్టుబడుతోంది. 2020 మార్చి నుంచి బస్సులు షెడ్డు దాటలేదు. సిబ్బందిలో చాలామంది పొలం పనులకో, లారీల మీదికో వెళ్లిపోయారు.

ఏం చెప్పాలో తెలుసు. కేంద్ర విద్యాశాఖ 2020 అక్టోబరు మార్గదర్శకాల ప్రకారం బస్సును రోజుకు కనీసం రెండుసార్లు శుద్ధి చేయాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, పరదాలు లేకపోతే మేలు. ఎలా చెప్పాలన్నదే చిక్కు. మొన్న జూమ్‌లో పెడితే ఒక ఆయమ్మ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి శ్రద్ధగానే కూర్చుంది. సగంలో మనవడు వచ్చి, టీశాట్ అనే ప్రభుత్వ విద్యా చానల్లో పాఠం ఉందని ఫోను లాక్కుపోయాడు. వాడిని మాత్రం ఏమంటాం?

బస్సు శుద్ధికి వాడే 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపితే 1 శాతం అవుతుందని చెప్పాను. అందరూ తలలూపారు. చేతికి మగ్గు ఇస్తే సరిగ్గా కలుపుతారా లేదా అన్నది తెర మీద ఎలా తెలుస్తుంది?

ఈ పని చేసినవాళ్లు చెప్పండి. కీప్యాడ్ ఫోన్లే ఉన్నవారికి ఎలా నేర్పారు? తెలుగులో చిన్న వీడియోలు ఎక్కడైనా దొరుకుతాయా? కొందరిని విడతలుగా షెడ్డుకే పిలిపించి చూపిస్తానంటే యాజమాన్యాన్ని ఎలా ఒప్పించాలి?