దొరికిన జియోక్యాష్‌ల రికార్డులు, గుర్తులు మీరు ఎలా భద్రపరుస్తున్నారు?

ప్రశ్న: పాదచారి

ఇంటర్నెట్‌లో ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలను బట్టి, ఎవరో దాచిన డబ్బాలను (క్యాష్‌లను) జీపీఎస్‌తో వెతికే జియోక్యాషింగ్ ఆట మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. ఇప్పటికి 412 క్యాష్‌లు దొరికాయి. తొలి రోజుల్లో ప్రతి క్యాష్‌కూ ఆట వెబ్‌సైటులో నాలుగైదు వాక్యాల లాగ్ (దొరికిన సంగతి తెలిపే నమోదు) రాసేదాన్ని. తరువాత ఒకే రోజున పది పదిహేను దొరకడం మొదలయ్యాక, క్యాష్ పెట్టినవారికి కృతజ్ఞతలు తెలిపే ‘టీఎఫ్‌టీసీ’ అనే నాలుగు అక్షరాలు పడేసి ఊరుకోవడం అలవాటైపోయింది. మొన్న ఒక సాయంత్రం పాత లాగ్‌లన్నీ తీరిగ్గా చదువుకుందామని కూర్చుంటే, ఒకచోట వరుసగా 37 లాగ్‌లలో ఆ నాలుగు అక్షరాలు తప్ప మరేమీ లేవు. వాటిలో ఏది చెట్టు తొర్రలో దొరికిందో, ఏది రాతి సందులో దొరికిందో, ఆ రోజు నాతో ఎవరున్నారో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

ఇది చాలదన్నట్టు ఒక అట్టపెట్టె కూడా ఉంది. క్యాష్‌లలో ఏదో ఒకటి పెట్టి బదులుగా తెచ్చుకున్న చిన్న బొమ్మలు, చెక్క నాణేలు, ఒక తాళంచెవుల గొలుసు, రెండు జియోకాయిన్లు (ఈ ఆట కోసం ముద్రించే లోహపు నాణేలు) అందులో కలగలిసి పడి ఉన్నాయి. ఏది ఎక్కడినుంచి వచ్చిందో రాసిపెట్టుకోలేదు. వెబ్‌సైటులో ఉన్న లాగ్ ఉండగా వేరే రికార్డు పెట్టుకోవడం అవసరమా, పెట్టుకుంటే అందులో ఏం రాస్తే పదేళ్ల తరువాత కూడా పనికొస్తుంది, ఈ వస్తువులను పాడవకుండా దాచే పద్ధతి ఏమిటి అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1: పెన్సిల్‌ముక్క

పాదచారి గారూ, వేరే రికార్డు అవసరమే. దానికి నేను చెప్పే కారణం జ్ఞాపకశక్తి కాదు, మన ఆట మర్యాద. వెబ్‌సైటులో రాసే లాగ్‌ను రేపు అదే క్యాష్ కోసం బయలుదేరేవారు చదువుతారు కనుక, అది ఎక్కడ దాగి ఉందో, ఎలా దాచారో అందులో రాయకూడదు. అంటే ఆ రోజు మనకు అన్నిటికన్నా ఎక్కువ సంతోషం కలిగించిన సంగతినే మనం అక్కడ మింగేయాల్సి వస్తుంది. ఎంత శ్రద్ధగా రాసిన లాగ్ అయినా, కావాలనే నడిమి భాగం తీసేసిన కథలా ఉంటుంది. మన సొంత పుస్తకానికి ఆ అడ్డు లేదు.

అందువల్ల తేదీ, కష్టం స్థాయి, పెట్టినవారి పేరు వంటివన్నీ పుస్తకంలోకి ఎక్కించుకుంటూ కూర్చోవద్దని నా సలహా. జీసీ కోడ్, అంటే ప్రతి క్యాష్‌కూ వెబ్‌సైటు ఇచ్చే గుర్తింపు కోడ్, ఒక్కటి పైన రాసుకుంటే మిగిలినవన్నీ వెబ్‌సైటులో దొరుకుతాయి. దాని కింద, అక్కడ రాయడానికి వీలులేనిది మాత్రమే రాయండి. నా పుస్తకంలోని ఒక పేజీని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను: “మొదటిసారి వంతెన కింద గంటసేపు వెతికి ఉత్త చేతులతో తిరిగి వచ్చాను. సూచనలో ‘తల ఎత్తకు’ అని ఉన్నా పట్టించుకోలేదు. రెండోసారి వెళ్లినప్పుడు నడకదారి రెయిలింగ్ గొట్టానికి మోకాలి ఎత్తులో ఉన్న మూత తిప్పితే కదిలింది. లోపల చిటికెనవేలి గోరంత డబ్బా, అందులో చుట్ట చుట్టిన కాగితం. దాన్ని మళ్లీ చుట్టి లోపల పెట్టడానికి, వెతకడానికి పట్టినంత సేపూ పట్టింది.” తొమ్మిదేళ్ల నాటి ఈ ఐదు వాక్యాలు చదివితే ఆ మూత మీది తుప్పు నా వేళ్లకు ఇప్పుడే అంటుకున్నట్టు ఉంటుంది.

ఆ పేజీలో మొదటి ప్రయత్నం కూడా ఉందన్నది గమనించండి. దొరకని క్యాష్‌లను, అంటే ‘డీఎన్‌ఎఫ్’లను, చాలామంది లెక్కలోకి తీసుకోరు. నా దృష్టిలో అసలు కథ తరచుగా అక్కడే ఉంటుంది. ఏ రోజు సంగతి ఆ రోజు రాత్రి పడుకోబోయే ముందే రాయాలి. మరునాటికి రెండు క్యాష్‌లు కలిసి ఒకటైపోతాయి. పెన్సిల్‌తో రాస్తే తడిసినా అక్షరం చెరగదు. జెల్ పెన్ను మాత్రం ఒక్క వాన చినుక్కే పారిపోతుంది.

ఈ ఆటకు రాత అనేది తరువాత వచ్చి చేరిన అలంకారం కాదు. 2000 మే మొదటి వారంలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలలో తాను కావాలని కలిపే లోపాన్ని ఆపివేసింది. ఆ మరునాడే, మే 3న, ఈ ఆటకు ఆద్యుడైన డేవ్ ఉల్మర్ ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్ న్యూస్‌గ్రూపులో ప్రకటించాడు. వస్తువులతో పాటు ఒక లాగ్‌బుక్కు, పెన్సిలు ఆ మొదటి బకెట్‌లోనే ఉన్నాయి.

పుస్తకంతో వచ్చే చిక్కు ఒక్కటే. “ఈ రోజు మూడు క్యాష్‌లు దొరికాయి, ఎవరూ చూడకుండా ఉన్నచోటే మళ్లీ దాచేశాను” అన్న నా పేజీని మా పెద్దమ్మ చదివి, ఆ డబ్బు ఎవరిదో ముందు చెప్పమని కూర్చోబెట్టి నిలదీసింది.

సమాధానం 2: మూడో దశాంశం

పెన్సిల్‌ముక్క గారు చెప్పినదానిలో చాలా భాగాన్ని ఒప్పుకుంటాను గానీ, మిగిలినవన్నీ వెబ్‌సైటులో దొరుకుతాయన్న ధీమా మాత్రం నాకు లేదు. క్యాష్‌ను ఆర్కైవ్ చేసినా, అంటే ఆటలోంచి తీసేసినా, పేజీ ఉంటుంది, నిజమే. కానీ పెట్టినవారు వర్ణనను ఎప్పుడైనా మార్చవచ్చు, బొమ్మలు తీసేయవచ్చు, క్యాష్‌ను కొద్ది దూరం జరిపి కొత్త స్థానం ఇవ్వవచ్చు. మనం చదువుకుని బయలుదేరిన పేజీ అప్పుడు ఎలా ఉందో అలాగే కావాలంటే మన దగ్గర నకలు ఉండాలి. ప్రీమియం సభ్యత్వం ఉన్నవారికి పాకెట్ క్వెరీలలో, అంటే క్యాష్‌ల వివరాలను ఒకేసారి దింపుకునే సదుపాయంలో, ‘మై ఫైండ్స్’ అనేది ఉంది. దొరికినవాటన్నిటి వివరాలూ, మన లాగ్‌లూ కలిపి ఒకే జీపీఎక్స్ ఫైలుగా (జీపీఎస్ స్థానాల వివరాలు ఉండే ఫైలు రకం) వస్తాయి. నేను మూడు నెలలకోసారి దాన్ని దింపి, తేదీ చేర్చి దాచుకుంటాను, పాతదాన్ని చెరిపేయను. జీపీఎక్స్ లోపల ఉండేది మామూలు పాఠమే కనుక, ఏ ప్రత్యేక సాఫ్ట్‌వేరూ లేని రోజు వచ్చినా తెరిచి చదువుకోవచ్చు. అయితే అడ్వెంచర్ ల్యాబ్‌లు (డబ్బా లేకుండా, యాప్‌లో ప్రశ్నలకు జవాబులిస్తూ ఆడేవి) అందులోకి రావు, దొరకనివీ రావు. ఆ రెండింటినీ మీరే విడిగా రాసుకోవాలి.

నేను చేసిన రెండు పొరపాట్లు చెబుతాను, మీకు ఉపయోగపడతాయి. నా చేతి జీపీఎస్ పరికరం క్యాష్ దొరికిన ప్రతిసారీ ఒక చిన్న ఫైలులో కోడ్‌నూ సమయాన్నీ నమోదు చేస్తుంది. ఆ తేదీలను చూసి పట్టికలోకి ఎక్కించుకుంటూ పోయాను. రోజుకొకటి చొప్పున నలభై రోజులు తప్పకుండా వెతికిన నా వరుస, పట్టికలో చూస్తే మధ్యలో తెగిపోయి ఉంది. ఒక రోజు ఖాళీ, దాని ముందురోజు రెండు. తీరా చూస్తే ఆ ఫైలులోని సమయాలు స్థానిక సమయాలు కావు, మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే యూటీసీ అనే అంతర్జాతీయ సమయాలు. తెల్లవారుజామున దొరికినదానికి ముందురోజు తేదీ పడింది. సమయం చివర ‘జెడ్’ అక్షరం కనిపిస్తే అది యూటీసీ అని గుర్తుపెట్టుకోండి.

రెండోది అక్షాంశ రేఖాంశాల రాత. క్యాష్ పేజీలలో డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో మూడు దశాంశ స్థానాలు ఉంటాయి. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఇంచుమించు 1,852 మీటర్లు కనుక మూడో దశాంశం విలువ రెండు మీటర్లలోపే. పుస్తకంలో 17.460 నిమిషాలను తొందరలో 17 నిమిషాల 46 సెకన్లుగా రాసుకున్నాను. అసలు అది 17 నిమిషాల 27.6 సెకన్లు. ఆ రాతను నమ్మి స్నేహితుణ్ణి పంపితే, పాపం 570 మీటర్ల అవతల పొదలన్నీ గాలించి వచ్చాడు.

ఇక ఫొటోలు. క్యాష్ లోపల మీరు సంతకం చేసిన లాగ్ షీట్‌ను ప్రతిసారీ ఒక ఫొటో తీసుకోండి. షీట్ తడిసి మీ పేరు చెరిగిపోయి, పెట్టినవారు మీ లాగ్‌ను తొలగించాలని చూస్తే అది సాక్ష్యంగా నిలుస్తుంది. ఆ ఫొటోను బయట పెట్టేటప్పుడు మాత్రం దాపరికం బయటపడకుండా చూసుకోవాలి.

సమాధానం 3: కిలుము

అట్టపెట్టె సంగతి ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. పాదచారి గారూ, అన్నిటికన్నా ముందు ఆ రెండు జియోకాయిన్లను వెలుతురులోకి తీసుకువెళ్లి రెండు వైపులా, అంచు చుట్టూ పరీక్షగా చూడండి. అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్ చెక్కి ఉంటే అది ట్రాకబుల్. వెబ్‌సైటులో ఆ కోడ్ కొడితే దాని యజమాని ఎవరో, దాన్ని ఎటు పంపాలనుకున్నారో తెలుస్తుంది. ట్రాకబుల్ అనేది బొమ్మలా మార్పిడికి పెట్టిన వస్తువు కాదు. ఒక క్యాష్ నుంచి మరో క్యాష్‌కు మనం మోసుకువెళ్లే బాటసారి. తెలియక దాచుకున్నవారు చాలామంది ఉన్నారు, నేనూ వారిలో ఒకణ్ణే. మీకు గుర్తు కావాలంటే కాయిన్‌ను ఫొటో తీసుకుని, ఎక్కడ చేతికొచ్చిందో, ఎక్కడ వదిలారో రాసుకోండి. పైన చెక్కిన కోడ్ కనిపించే ఫొటోను మాత్రం బయట పెట్టవద్దు. కాయిన్‌ను కళ్లతో చూడనివారు కూడా చూశామని లాగ్ చేసేస్తారు. వెబ్‌సైటులో కనిపించే ‘టీబీ’తో మొదలయ్యే సంఖ్యను అందరికీ చూపవచ్చు, దానికి ఆ ప్రమాదం లేదు. సొంతంగా ట్రావెల్ బగ్, అంటే ఏదైనా వస్తువుకు తగిలించే కోడ్ ఉన్న లోహపు బిళ్ల, పంపాలనుకుంటే ఇంకా సులువు. ఒకే సంఖ్యతో రెండు బిళ్లలు వస్తాయి. ఒకటి ప్రయాణానికి, రెండోది మీ పెట్టెకు.

నిజంగా మీవైన వస్తువుల విషయానికి వస్తే, మెత్తగా వంగే పీవీసీ సంచులలో లోహాన్ని పెట్టవద్దు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ నుంచి వెలువడే ఆమ్లం వల్ల రాగి, ఇత్తడి కాయిన్ల మీద పచ్చటి జిగట కిలుము పడుతుంది. నా కాయిన్లలో మూడు అలాగే పోయాయి. పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ సంచులైతే ఆ బాధ ఉండదు. మాసిన కాయిన్‌ను మెరుగు పెట్టాలని రుద్దకండి, ఉన్న పూత కాస్తా ఊడుతుంది. రబ్బరు బ్యాండ్లు అసలే వద్దు. ప్రతి వస్తువుతోనూ జీసీ కోడ్, తేదీ రాసిన చిన్న చీటీ ఉండాలి. చీటీ లేని బొమ్మ రెండేళ్లకు ఒట్టి బొమ్మ అయిపోతుంది, ఇది మీకు నేను చెప్పనక్కరలేదు.

క్యాష్‌లోని లాగ్‌బుక్‌ను, అది నిండిపోయినదే అయినా సరే, గుర్తుగా తెచ్చుకోకూడదు. అది పెట్టినవారిది. మీరే క్యాష్ పెట్టినవారైతే మాత్రం నిండిన లాగ్‌బుక్‌ను మించిన గుర్తు లేదు. నేను పెట్టిన ఒక క్యాష్ నుంచి తెచ్చిన పుస్తకం పూర్తిగా తడిసి ఉంటే, పేజీల మధ్య అద్దుడు కాగితాలు పెట్టి, వాటిని మారుస్తూ, నీడలో వారం రోజులు ఆరబెట్టాను. బాల్‌పెన్నుతో, పెన్సిల్‌తో రాసినవన్నీ చదవడానికి వచ్చాయి. ఒక పేజీలో ఎవరో చిన్నపిల్లవాడు తన పేరు రాయడం రాక, అరచేయి పెట్టి చుట్టూ గీత గీశాడు.

సమాధానం 4: నాలుగువేలు

నాకు దొరికిన క్యాష్‌లు నాలుగు వేలు పైబడి ఉన్నాయి. అన్నిటికీ పేజీలు రాయాలని పూనుకుని రెండుసార్లు మధ్యలోనే వదిలేశాను. ఇప్పుడు ఒక ప్రయాణానికి ఒక పేజీ, ఒక వస్తువు అని నియమం పెట్టుకున్నాను. రోడ్డు పక్క స్తంభానికి అంటించిన అయస్కాంతపు డబ్బాలు యాభై దొరికిన రోజున యాభై కథలు ఉండవు, ఒకటే ఉంటుంది. ఆ రోజుకు టీఎఫ్‌టీసీ అన్న మాట కూడా అబద్ధమేమీ కాదు.

తిరిగి పాదచారి

అందరికీ ధన్యవాదాలు. కిలుము గారు చెప్పినట్టే చూశాను. ఒక కాయిన్ మామూలుదే. రెండోదాని అంచున కోడ్ ఉంది. అది నా పెట్టెలో నాలుగేళ్లు ఉందని తేదీలు చూస్తే తెలిసి ముఖం చెల్లలేదు. దాన్ని సముద్రతీరానికి చేర్చమని యజమాని కోరిక. జరిగింది వివరిస్తూ ఆయనకు సందేశం పంపాను, వచ్చే వారం ఆ దిశగా ఉన్న పెద్ద క్యాష్‌లో వదులుతాను.

ఇంకొక్క సందేహం. ఖాళీగా మిగిలిన ఆ 37 లాగ్‌లకు ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా?

మూడో దశాంశం

ఉంది. జీపీఎక్స్ ఫైలును తేదీ వరుసలో పెట్టి, అదే రోజున ఫోన్‌లో తీసిన ఫొటోలను పక్కన తెరవండి. ఫొటోలో లొకేషన్ నమోదై ఉంటే ఏ క్యాష్ దగ్గర తీసిందో తేలిపోతుంది. నమోదు కాకపోయినా, సమయాల వరుసను బట్టి కొన్ని పట్టుకోవచ్చు. గుర్తొచ్చినదాన్ని మీ పుస్తకంలోనే, ఇప్పటి తేదీ వేసి రాయండి. అప్పుడు రాసినదేదో, తరువాత తలచుకుని రాసినదేదో కలిసిపోకూడదు.

పాదచారి

రెండు సాయంత్రాలు కూర్చుంటే 11 తేలాయి. వాటిలో ఒక ఫొటోలో మా అన్నయ్య ఒక కాలికే చెప్పుతో నిలబడి, రెండో చెప్పును కర్రతో కాలువలోనుంచి తీస్తున్నాడు. అడిగితే ఆ క్యాష్ తనకు గుర్తే లేదన్నాడు గానీ, చెప్పు మాత్రం కొత్తదని చెప్పాడు. మిగిలిన 26 క్యాష్‌లకు కోడ్ మాత్రం రాసి, కింద జాగా వదిలాను.